బడిలో, చర్చిలో, కాలనీ హాలులో మూకీ సినిమా వేయడం ఎలా

మా బడిలో తొలిసారి మూకీ సినిమా, అంటే మాటలు వినిపించని పాతకాలపు సినిమా, వేసిన రోజు ఆరు, ఏడు తరగతుల పిల్లలను హాలులో కూర్చోబెట్టి, చాప్లిన్ 1921లో తీసిన 'ది కిడ్' పెట్టాం. ప్రొజెక్టరు బాగుంది, తెర బాగుంది. అయినా పావుగంట గడిచేసరికి వెనక వరుసల్లో గుసగుసలు మొదలయ్యాయి. తెర మీద ఇంగ్లిషు అక్షరాలు వచ్చిన ప్రతిసారీ "ఏం రాశారు సార్?" అని ఎవరో ఒకరు అడిగేవారు. జవాబు చెప్పేలోపు అక్షరాలు మాయమయ్యేవి.

మరుసటి నెల అదే సినిమాను అదే పిల్లలకు మళ్లీ వేశాం. ఈసారి తెర పక్కన తెలుగు టీచరు నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డారు. సంగీతం నేర్చుకుంటున్న పదో తరగతి అమ్మాయి హార్మోనియం ముందు కూర్చుంది. పిల్లవాడిని అనాథాశ్రమం బండిలోకి ఎక్కించినప్పుడు వాడు రెండు చేతులూ చాచి ఏడుస్తాడు. సరిగ్గా అక్కడ హార్మోనియం ఆగింది. హాలులో చీమ చిటుక్కుమంటే వినపడేటంత నిశ్శబ్దం. చాప్లిన్ ఇళ్ల కప్పుల మీదుగా పరుగెత్తి ఆ బండిలోకి దూకగానే పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు.

రెండు ప్రదర్శనలకూ తేడా ఆ ఇద్దరు మనుషులే. మూకీలు వాటి కాలంలో నిశ్శబ్దంగా నడిచింది చాలా తక్కువ. హాలును బట్టి పియానోనో, హార్మోనియం తబలాలో తెర పక్కన ఉండేవి. జపాన్‌లో 'బెన్షీ' అనే వ్యాఖ్యాతలు తెర పక్కన నిలబడి పాత్రలన్నిటికీ గొంతు ఇచ్చేవారు, వాళ్ల పేరు చూసి జనం సినిమాకు వచ్చేవారు. హరికథ, బుర్రకథ, తోలుబొమ్మలాట చూసి పెరిగిన మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. కాబట్టి ఈ పని మొదలుపెట్టే ముందు చదివే మనిషి ఒకరిని, వాయించే మనిషి ఒకరిని చూసుకోండి. వాళ్లు దొరికాకే ప్రొజెక్టరు గురించి ఆలోచించండి.

ఎవరికి ఏ సినిమా

సినిమాను ఎంచుకునే ముందు కుర్చీల్లో ఎవరుంటారో రాసుకోండి. నాలుగో తరగతి లోపు పిల్లలకు పూర్తి నిడివి సినిమా వద్దు. బస్టర్ కీటన్ 1920లో తీసిన 'వన్ వీక్' లాంటి రెండు రీళ్ల (ఇరవై నిమిషాలకు అటూ ఇటూ) హాస్య చిత్రం చాలు. కొత్తగా పెళ్లైన జంట పెట్టెల్లో వచ్చిన ముక్కలతో సొంతంగా ఇల్లు కట్టుకుంటే అది ఎంత వంకరగా తయారైందో చూపే కథ. ఐదు నుంచి పది తరగతుల వరకు గంట, గంటంపావు నిడివి హాయిగా కూర్చుంటారు.

వాళ్లకు నా మొదటి ఎంపిక 'ది కిడ్'. పిల్లవాడు రాళ్లు వేసి కిటికీలు పగలగొట్టడం, వెనకే చాప్లిన్ వీపు మీద అద్దాలు మోసుకుంటూ అమాయకంగా రావడం, ఇద్దరి వ్యాపారం పోలీసు కంట పడటం... దీనికి అనువాదమే అక్కర్లేదు. రెండోది హెరాల్డ్ లాయిడ్ 'సేఫ్టీ లాస్ట్' (1923). అద్దాలు పెట్టుకున్న మామూలు గుమాస్తా పెద్ద భవనం గోడ ఎక్కుతూ గడియారం ముల్లు పట్టుకుని వేలాడతాడు. లాయిడ్‌కు అంతకు నాలుగేళ్ల ముందు ఫొటోలు దిగుతుండగా బాంబు పేలి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆ చేతికి కృత్రిమ వేళ్లున్న గ్లౌజు వేసుకుని ఆ దృశ్యాలు చేశాడు. ఈ సంగతి సినిమా అయిపోయాక చెప్పండి. ముందే చెబితే పిల్లలు కథ వదిలేసి చేతినే చూస్తారు. కీటన్ 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928)లో ఇంటి ముందు గోడ మొత్తం అతని మీదకు కూలుతుంది, కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోట పడటంతో బతికిపోతాడు. అది నిజమైన బరువున్న గోడ. ఆ క్షణాన్ని పిల్లలు మళ్లీ చూపించమంటారు. చూపించండి.

మన దేశపు సినిమా ఒకటైనా ఉండాలనుకుంటే, ఉండాలనే నేనంటాను, దాదాసాహెబ్ ఫాల్కే 1919లో తీసిన 'కాళీయ మర్దన్' వేయండి. మిగిలిన భాగం ముప్పావు గంట దాకా ఉంటుంది. బడికీ, గుడి ఆవరణకూ, కృష్ణాష్టమికీ అతికినట్టు సరిపోతుంది. చిన్నికృష్ణుడి వేషం ఫాల్కే కూతురు మందాకినిది. సినిమా మొదట్లో ఆ పాప వేషం లేకుండా కెమెరా ముందు కూర్చుని ఒక్కొక్క భావాన్నీ ముఖంలో పలికిస్తుంది, ఆ తర్వాతే కృష్ణుడిగా మారుతుంది. అంత చిన్న పాప ముఖంలో కోపం, నవ్వు, భయం ఒకదాని వెంట ఒకటి వచ్చి వెళ్లడం చూసి మా పిల్లలు పక్కవాళ్ల వైపు తిరిగి అవే ముఖాలు పెట్టారు. ఫాల్కే తొలి చిత్రం 'రాజా హరిశ్చంద్ర' (1913) కొంత భాగమే దొరుకుతోంది కాబట్టి దాన్ని పరిచయంగా చూపవచ్చు గానీ, సాయంత్రమంతా దానితో నడపలేరు.

"తెలుగువాళ్లు తీసిన మూకీ వేయండి" అని పెద్దలు తప్పకుండా అడుగుతారు. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1910లో బొమ్మతో పాటు గ్రామఫోను శబ్దం వినిపించే క్రోనో మెగాఫోను యంత్రం తెప్పించి ఊరూరా ప్రదర్శనలు ఇచ్చారు, ఆ తర్వాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టించారు. ఆయన, కొడుకు ప్రకాశ్ కలిసి 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు. దాని ప్రతి మనకు మిగల్లేదు. సినిమా మొదలయ్యే ముందు రెండు నిమిషాలు ఈ కథ చెప్పండి. మన ఊళ్లలో డేరా వేసి బొమ్మ చూపించడం ఎక్కడి నుంచి మొదలైందో వినడానికి జనం ఇష్టపడతారు.

చర్చి కోసం వెతికేవారికి నా సలహా 1912 నాటి 'ఫ్రం ద మేంజర్ టు ద క్రాస్'. దర్శకుడు సిడ్నీ ఆల్కాట్ దీన్ని ఈజిప్టులో, పాలస్తీనాలో తీశాడు. పరిశుద్ధ కుటుంబం (మరియ, యోసేపు, బాల యేసు) పారిపోయి వచ్చి సేదదీరే చోట వెనక స్ఫింక్స్, పిరమిడ్లు నిజమైనవే. నిడివి గంటం పావుకు లోపే. దీనిలో గొప్ప సౌకర్యం ఒకటుంది. తెర మీద వచ్చే రాతలు సువార్తల్లోని వచనాలు, అధ్యాయం, వచనం సంఖ్యతో సహా. మీరు అనువాదం చేయాల్సిన పనే లేదు. తెలుగు బైబిలు తెరిచి ఆ వచనం చదివితే చాలు. చిన్నప్పటి నుంచి విన్న మాటలే బొమ్మతో కలిసి వస్తుంటే వెనక కూర్చున్న వృద్ధులు పెదవులు కదుపుతూ కూడా చదువుతారు. సినిమా సిలువతోనే ముగుస్తుంది కాబట్టి శుభ శుక్రవారానికి తగినది. ఈస్టరుకు కావాలంటే సెసిల్ బి. డిమిల్ 'ద కింగ్ ఆఫ్ కింగ్స్' (1927) ఉంది. పునరుత్థానం అందులో రంగుల్లో వస్తుంది. యేసు ముఖం మనకు తొలిసారి కనిపించేది ఒక గుడ్డి పాప కళ్లతో. చీకటి మెల్లగా విచ్చుకుని, వెలుగు మసకగా వచ్చి, ఆ వెలుగులో ముఖం తేలుతుంది. అయితే మొదటి భాగంలో మగ్దలేనే మరియ విందు, అలంకారం కొన్ని సంఘాలకు ఇబ్బందిగా ఉండవచ్చు. పాస్టరుగారికి, ఇద్దరు పెద్దలకు ముందే వేసి చూపించండి. పూర్తి ప్రతి రెండున్నర గంటలు నడుస్తుంది, కుదించిన ప్రతి రెండు గంటల లోపు. ఊరి చర్చికి కుదించినదే మేలు.

ఫాల్కే సినిమా తీయాలని నిశ్చయించుకున్నది కూడా బొంబాయిలో క్రీస్తు జీవితం మీద తీసిన చిత్రం చూసిన తర్వాతే. తెర మీద క్రీస్తు కథ నడుస్తుంటే తన కళ్ల ముందు కృష్ణుడు, రాముడు కదలాడారని ఆయనే రాసుకున్నారు. అన్ని మతాలవారూ వచ్చే కాలనీలో ఒక శనివారం క్రీస్తు చిత్రం, మరుసటి శనివారం 'కాళీయ మర్దన్' వేసి మధ్యలో ఈ మాట చెబితే రెండు సాయంత్రాలూ ఒకదానికొకటి ముడిపడతాయి. బుద్ధ పూర్ణిమకు హిమాంశు రాయ్ బుద్ధుడిగా నటించిన 'ద లైట్ ఆఫ్ ఆసియా' (1925) ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చూసినవారికి ఆ కథ పరిచయమే.

అపార్ట్‌మెంట్లలో, కాలనీల్లో అన్ని వయసులవారూ వస్తారు. అక్కడ చాప్లిన్ 'సిటీ లైట్స్' (1931). చూపు వచ్చిన పూలమ్మాయి చివర్లో అతని చేతిని తాకి గుర్తుపట్టే చోట మాట అవసరమే ఉండదు. ఒక్క హెచ్చరిక: తాగుబోతు ధనవంతుడి ఆత్మహత్యా ప్రయత్నం అందులో హాస్యంగా నడుస్తుంది. అటువంటి దుఃఖం ఈ మధ్యే చూసిన కుటుంబం వస్తోందని తెలిస్తే వేరే సినిమా తీసుకోండి.

మరొకటి, నాకు చాలా ఇష్టమైనది: జర్మనీలో లొట్టే రైనిగర్ 1926లో పూర్తి చేసిన 'ద అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అక్మెద్'. కాగితపు అట్టలు, పల్చని సీసపు రేకులు కత్తిరించి బొమ్మలు చేసి, వెనక నుంచి వెలుగు పడే గాజు బల్ల మీద పరిచి, ఒక్కొక్క కదలికనూ విడిగా ఫొటో తీస్తూ మూడేళ్లు పట్టిన నీడల సినిమా. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులను గానీ, మీ జిల్లాలో ఆట తెలిసినవారిని గానీ పిలిచి, సినిమాకు ముందు పావుగంట నిజమైన బొమ్మను దీపం ముందు ఆడించమనండి. కీళ్లు ఎక్కడ ఉంటాయో చేత్తో పట్టుకుని చూసిన పిల్లలు తెర మీద రాకుమారుడి మోచేయి మడవగానే "అక్కడ దారం ఉంది" అని అరుస్తారు. ఒక స్నాన దృశ్యం, కొన్ని జాతుల మనుషులను వికారంగా చూపిన బొమ్మలు ఉన్నాయి. చిన్నపిల్లలకైతే ఆ చోట్లు ముందే చూసి నిర్ణయించుకోండి.

ఈ మాట అన్ని సినిమాలకూ వర్తిస్తుంది. పాతదంటే పవిత్రమైనదని అనుకోవద్దు. 1925 నాటి 'బెన్ హర్'లో క్రీస్తు జననం ఎంత అందంగా ఉన్నా, ఊరేగింపులో అర్ధనగ్న స్త్రీలు కనిపిస్తారు. ఏ సినిమానైనా మొదటి నుంచి చివరి దాకా మీరు ఒంటరిగా చూడకుండా జనానికి చూపించకండి.

ప్రతి, హక్కులు, వేగం

ఒకే మూకీకి ఇంటర్నెట్‌లో పది ప్రతులు దొరుకుతాయి. మసకగా ఉన్నవి, చివర తెగినవి, పక్కలకు సాగదీసినవి ఎక్కువ. మూకీ బొమ్మ ఆకారం దాదాపు నాలుగుకు మూడు. మనుషులు లావుగా, బండి చక్రాలు కోడిగుడ్డులా కనబడితే ఆ ప్రతిని సాగదీశారని అర్థం. డబ్బు పెట్టగలిగితే పునరుద్ధరించిన ప్రతి ఉన్న డిస్కు కొనండి.

మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదల తర్వాత 60 ఏళ్లు. అంటే బొమ్మ వరకు చాలా మూకీల గడువు తీరిపోయింది. కానీ వాటికి కొత్తగా చేర్చిన సంగీతానికి హక్కు వేరే ఉంటుంది. మీ మనుషులే వాయించడంలో ఇదొక లాభం. బడి కార్యక్రమంగా విద్యార్థులు, టీచర్లు, తల్లిదండ్రులకే పరిమితమైన ప్రదర్శనకు కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్టు పెట్టి ఊరందరినీ పిలిస్తే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం, సెన్సార్ సర్టిఫికెట్ ప్రశ్నలు వస్తాయి. టికెట్టు పెట్టకండి, పిలుపును మీ సంస్థ సభ్యుల వరకే ఉంచండి.

వేగం సంగతి చాలామంది పట్టించుకోరు. ఆ రోజుల్లో కెమెరా పిడిని చేత్తో తిప్పుతూ సినిమా తీసేవారు. సెకనుకు 16 నుంచి 22 బొమ్మల దాకా తీసినదాన్ని తర్వాత 24 చొప్పున నడిపితే మనుషులు తుర్రుమని పరుగెడతారు. క్రీస్తు కొండ మీద గబగబా నడిస్తే చర్చిలో పిల్లలు నవ్వుతారు. శిష్యులు నడిచే దృశ్యం చూడండి, నడక సహజంగా లేకపోతే ప్లేయరులో వేగాన్ని 0.75కు తగ్గించండి. 24 కాస్తా 18 అవుతుంది. కీటన్, చాప్లిన్ హాస్యానికి మాత్రం ఇంతగా తగ్గించవద్దు. వాళ్లు కావాలనే కొన్ని చోట్ల వేగంగా కనబడేలా తీశారు.

తెర మీది రాతలకు తెలుగు

అసలు శ్రమ ఇక్కడే. ఒక నోట్‌బుక్ తీసుకుని సినిమాను ఆపుతూ నడుపుతూ ప్రతి టైటిల్ కార్డునూ (బొమ్మల మధ్య తెర మీద వచ్చే రాతను) రాసుకోండి. ఎడమ పక్కన సమయం, తర్వాత ఇంగ్లిషు, దాని కింద తెలుగు. కార్డు తెర మీద ఎన్ని సెకన్లు ఉంటుందో కూడా వేసుకోండి. ఐదు సెకన్ల కార్డుకు పది మాటలు దాటితే చదివేవారు తడబడతారు.

మాటకు మాట పెట్టకండి. 'ది కిడ్' మొదటి కార్డునే చూడండి. దాన్ని మొదట నేను "ఒక చిరునవ్వుతో, బహుశా ఒక కన్నీటి చుక్కతో కూడిన చిత్రం" అని రాశాను. తెలుగు టీచరు పైకి చదివి, అది పెట్టె మీద అంటించిన చీటీలా ఉందన్నారు. ఆవిడ మార్చింది ఇది: "నవ్వుకోండి. ఎక్కడైనా కంట తడి పెడితే తుడుచుకోండి." పిల్లలు అక్కడే సర్దుకుని కూర్చున్నారు. పాత్రలు మాట్లాడే కార్డులను మీ ఊరి మనుషులు మాట్లాడుకునేటట్టు రాయండి. పోలీసు మాట ఒక గొంతులో, తల్లి మాట మరో గొంతులో చదివితే ఎవరు అన్నారో వేరే చెప్పక్కర్లేదు.

చదివేవారికి రెండు నియమాలు. కార్డు లేని చోట మాట్లాడకూడదు, బొమ్మలో కనిపిస్తున్నదాన్ని వివరించకూడదు. "ఇప్పుడు అతను ఏడుస్తున్నాడు" అన్నారంటే ప్రేక్షకుల చేతిలోంచి ముద్ద లాక్కున్నట్టే. చీకట్లో చదవడానికి చిన్న టార్చికి పసుపు కాగితం చుట్టండి, వెలుగు తెర మీద పడదు.

చదివే మనిషి ఎంత వెతికినా దొరకకపోతే తెలుగు సబ్‌టైటిళ్లు తయారుచేసుకోవచ్చు. ఫైలును యూటీఎఫ్-8గా (తెలుగు అక్షరాలను సరిగా దాచే పద్ధతిలో) భద్రపరచండి, లేకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. ఒత్తులు సరిగా పడుతున్నాయో లేదో, ప్రదర్శనకు వాడే కంప్యూటర్ మీదే చూసుకోవాలి.

వాయించేవారికి

మంచి విద్వాంసులే కానక్కర్లేదు. చర్చిలో కీబోర్డు, డోలక్ వాయించే యువకులు చాలు. బడిలో హార్మోనియం వచ్చిన టీచరు చాలు. వాళ్లకు సినిమాను రెండుసార్లు చూపించి ఎనిమిది, పది చోట్లు మాత్రమే గుర్తు పెట్టించండి: ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ పరుగు, ఎక్కడ దుఃఖం, ఎక్కడ పూర్తిగా ఆగాలి. ప్రతి అడుగుకూ డోలక్ కొట్టడం మొదలుపెడితే పావుగంటలో జనానికి తలనొప్పి వస్తుంది.

తెలిసిన సినిమా పాటల బాణీలు వద్దు. బాణీ వినగానే మనసు ఆ పాట మాటల వైపు, ఆ నటుల వైపు వెళ్లిపోతుంది. చర్చిలో కీర్తనల బాణీలను మాటలు లేకుండా నెమ్మదిగా వాయించడం బాగుంటుంది. సిలువ దృశ్యంలో మాత్రం అంతా ఆపేయండి. ఫ్యాను చప్పుడు, ఎక్కడో ఎవరో ముక్కు చీదిన చప్పుడు, అవి చాలు.

'సిటీ లైట్స్'కు చాప్లిన్ తానే సంగీతం కూర్చి రికార్డు చేయించాడు. దాన్ని అలాగే వినిపించండి, మీ వాళ్లకు ఆ రోజు సెలవు.

తెర, చీకటి, కరెంటు

ఆరడుగుల ఎత్తు, ఎనిమిదడుగుల వెడల్పు తెల్లని గుడ్డ, ముడతలు లేకుండా ఇస్త్రీ చేసి, కింద అంచులో వెదురు కర్ర దూర్చి బిగించండి. చివరి వరుస 36 అడుగులు దాటితే టైటిల్ కార్డులు కనిపించవు. పిల్లలు నేల మీద ముందు, పెద్దలు కుర్చీల్లో వెనక. తెర అడుగు భాగం కూర్చున్న పిల్లల తలల కన్నా పైన ఉండాలి. నలుపు తెలుపు బొమ్మకు చీకటే ప్రాణం. కిటికీలకు దుప్పట్లు కట్టినా పగటి వెలుగు లోపలికి వస్తుంది కాబట్టి పొద్దుగూకాకే మొదలుపెట్టండి. కరెంటు పోతే ఏమి చేయాలో ముందే అనుకోండి. ఒకసారి మాకు సినిమాలో సరిగ్గా ఇల్లు కూలే ముందు పోయింది. హార్మోనియం ఆగలేదు, టీచరు అంతవరకు జరిగిన కథ టార్చి వెలుగులో చెప్పారు, ఇరవై నిమిషాలు ఎవరూ లేవలేదు.

ముందు రోజు సాయంత్రం అదే హాలులో, అదే వెలుగులో, చదివేవారితో, వాయించేవారితో మొత్తం ఒకసారి నడపండి. దీన్ని ఒక్కసారి కూడా ఎగ్గొట్టకండి.

సినిమా అయ్యాక వెంటనే దీపాలు వేయవద్దు. వాయిద్యం మెల్లగా ముగిసే దాకా ఆగి, తర్వాత వెనక దీపాలు, ఆఖరున ముందువి. ఉపన్యాసం పెట్టకండి. "మీకు ఏ చోట నచ్చింది?" అని ఒక్క ప్రశ్న అడిగి పిల్లల్నే మాట్లాడనివ్వండి. ఇంటికి వెళ్లేలోపు నోట్‌బుక్ తీసుకుని ఎక్కడ నవ్వారు, ఎక్కడ కదిలారు, ఏ తెలుగు వాక్యం అర్థం కాలేదు రాసుకోండి. ఆ నోట్‌బుక్ పక్క ఊరి బడి అడిగితే ఇవ్వండి. మా 'ది కిడ్' నోట్‌బుక్ ఇప్పటికి మూడు బడులు తిరిగింది. వచ్చిన ప్రతిసారీ మార్జిన్లలో ఎవరిదో కొత్త చేతిరాత ఉంటుంది, పోలీసు మాటలు మా కన్నా బాగా రాసి ఉంటాయి.